పెండలం భూమిలో, బంధువు పక్క దీవిలో: వనువాటు గురించి మీ ప్రశ్నలు

పసిఫిక్ మహాసముద్రంలోని వనువాటు రాజధాని పోర్ట్ విలాను 2024 డిసెంబరు 17న కుదిపేసిన భూకంపం గురించి ఈ పత్రికలో వచ్చిన వ్యాసం చదివి, ఎందరో పాఠకులు ప్రశ్నలు పంపారు. తుఫాను, భూకంపం, సునామీ, అగ్నిపర్వతం, కరువు అన్నీ తెలిసిన నేలమీద జనం ఎలా బతుకుతున్నారన్నదే చాలా ఉత్తరాల సారాంశం. వాటిలోనుంచి ఏడు ప్రశ్నలు ఎంచుకున్నాను. కొన్నింటికి సుదీర్ఘంగా, కొన్నింటికి క్లుప్తంగా జవాబిస్తున్నాను. విషయం ఎక్కువగా ఉన్నచోట ఎక్కువసేపు ఆగడమే న్యాయమనిపించింది.

ప్రశ్న: ప్రకృతి విపత్తులన్నీ ఒక్క దేశం మీదే ఎందుకు పడతాయి? అది కేవలం దురదృష్టమేనా? (ఒక ఉపాధ్యాయురాలు)

జవాబు: దురదృష్టం కాదండీ, ఆ దేశం ఉన్న చోటే దానికి కారణం. వనువాటు దీవుల వరుసకు పడమటి పక్కన సముద్రం అడుగున లోతైన కందకం ఉంది. అక్కడ ఇండో-ఆస్ట్రేలియా భూఫలకం పసిఫిక్ వైపు ఫలకం కిందికి నిదానంగా దూరుతూ ఉంటుంది. ఆ రాపిడి వల్ల భూకంపాలు వస్తాయి. లోపలికి దిగిన ఫలకం నుంచి వెలువడే నీరు పైనున్న రాతిని కరిగించడం వల్ల అగ్నిపర్వతాలు పుట్టాయి. నిజానికి ఈ దీవుల్లో చాలావరకు అగ్నిపర్వతాలు కట్టినవే. సముద్రం అడుగు నేల ఒక్కసారిగా కదిలితే సునామీ లేస్తుంది. ఇక పైనుంచి చూస్తే, ఈ దీవులు దక్షిణార్ధగోళపు ఉష్ణమండల జలాల్లో సరిగ్గా తుఫానుల దారిలో ఉన్నాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ తుఫానుల కాలం. ఎల్ నినో వచ్చిన ఏడాది వానలు మొహం చాటేస్తాయి.

మూడు లక్షల జనాభా ఎనభైకి పైగా దీవుల్లో చెదిరి ఉంది. ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 1,300 కిలోమీటర్ల దూరం. నూరుకు పైగా దేశీయ భాషలు, వాటన్నిటినీ కలిపే ఉమ్మడి భాషగా బిస్లామా. విపత్తుల ముప్పును దేశాలవారీగా అంచనా వేసే ప్రపంచ నివేదికల్లో వనువాటు ఏళ్ళ తరబడి మొదటి స్థానంలో నిలిచింది. అయితే ఆ అగ్నిపర్వతాలు చిమ్మిన బూడిదే కాలక్రమంలో సారవంతమైన నేలగా మారి, ఎరువు లేకుండానే దుంపలు పండిస్తుందన్న సంగతి ఆ నివేదికల పట్టికల్లో కనిపించదు. జనం అక్కడ మూడు వేల ఏళ్ళుగా స్థిరపడి ఉండడానికి ఆ నేల కూడా ఒక కారణం.

ప్రశ్న: గంటకు 250 కిలోమీటర్ల గాలి వీస్తే ఇళ్ళు, పంటలు ఏవీ మిగలవు కదా. తెల్లవారాక ఆ ఊళ్ళలో ఏం తింటారు, ఎక్కడ పడుకుంటారు? (ఒక రైతు)

జవాబు: మీరు రైతు కాబట్టి తిండి దగ్గరే మొదలుపెడతాను. మీరు రాసిన ఆ వేగం 2015 మార్చి 13న వచ్చిన పామ్ తుఫానుది. ఆ దేశపు చరిత్రలోని అతి తీవ్రమైన తుఫానుల్లో అది ఒకటి. లక్షా ఎనభై వేలమందికి పైగా దెబ్బతిన్నారు. నష్టాల అంచనా 48.6 బిలియన్ వాటులు (వాటు ఆ దేశపు కరెన్సీ), అంటే సుమారు 45 కోట్ల డాలర్లు, దేశపు వార్షికోత్పత్తిలో 64 శాతం. ఇంత జరిగినా మృతుల సంఖ్య ఇరవై దాటలేదు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి ఆలోచించాలి.

వనువాటు గ్రామీణుల తోటలో ముఖ్యమైన పంట పెండలం. తీగ నేలమీద ఉన్నా తిండి నేల లోపల ఉంటుంది కాబట్టి గాలికి అందదు. దాని పక్కన చామ, కర్రపెండలం, అరటి, సీమపనస, కొబ్బరి ఉంటాయి. తుఫాను వస్తోందని తెలియగానే తోటకు వెళ్ళి కర్రపెండలం కాండాలను సగానికి నరికేస్తారు. ఎత్తుగా వదిలేస్తే గాలి ఆ కర్రను పట్టుకుని ఊపి, దుంపను వేళ్ళతో సహా పెకలిస్తుంది. కాండం పొట్టిగా ఉంటే దుంప నేలలోనే మిగులుతుంది. అరటి ఆకులను కూడా అలాగే కోసేస్తారు. చేతికొచ్చిన గెలలను దించి ఇంటికి చేరుస్తారు. పంటను తమ చేతులతోనే కోసి తగ్గించడం చూసేవారికి నష్టంలా కనిపిస్తుంది. అది ఆరు నెలల తిండిని కాపాడే పని.

గాలి తగ్గాక తినడానికి ఒక వరుస ఉంటుంది. ముందు రాలిపోయిన సీమపనస, అరటి, కొబ్బరి. ఇవి కుళ్ళిపోతాయి కాబట్టి మొదటి రోజుల్లోనే ఖర్చు చేస్తారు. తరవాత కర్రపెండలం. దానికి నీరు నిలిస్తే దుంప చెడుతుంది గనుక అదీ ఎక్కువకాలం ఆగదు. అటుపిమ్మట పెండలం, చామ. అవీ అయిపోతే అడవిలో దొరికే అడవి పెండలం. కొన్ని దీవుల్లో సీమపనసను కాల్చి ఎండబెట్టుకునే పద్ధతి ఉంది. మరికొన్ని చోట్ల ఆకులు పరిచిన గుంతలో పాతిపెట్టి పులియబెట్టుకుంటారు. గుంతలోని ఆ తిండి నెలల తరబడి నిలవ ఉంటుంది. ఇంకొక ఏర్పాటు కూడా ఉంది, నాకు అన్నిటికన్నా ముఖ్యమని తోచేది అదే: ఒక కుటుంబానికి ఒకే తోట ఉండదు. సముద్రానికి దగ్గరగా ఒకటి, కొండమీద ఒకటి, లోయలో ఒకటి ఉంటాయి. ఏ గాలి ఏ దిక్కు నుంచి వచ్చినా అన్నీ ఒకేసారి పోవు.

ఇక ఇల్లు. గ్రామ సమావేశాలు, కావా (ఒక మొక్క వేరు నుంచి తీసే మత్తు పానీయం) సేవనం జరిగే పెద్ద శాలను నకమల్ అంటారు. పాతకాలపు పద్ధతిలో కట్టిన నకమల్‌కు తాటిజాతి ఆకుల కప్పు నేలకు జానెడెత్తు దాకా దిగి ఉంటుంది. గోడ అనేది దాదాపు కనిపించదు. నేలలో లోతుగా పాతిన గుంజలకు దూలాలను మేకులతో కాక తీగలతో కడతారు. గాలి కొట్టినప్పుడు కట్లు కాస్త వదులై ఊగుతాయి కాని తెగవు. వాలు మీద పడిన గాలి పైకి జారిపోతుంది. టన్నా దీవిలో పామ్ తుఫాను నాడు ఎన్నో కుటుంబాలు ఇలాంటి వంగిన కప్పుల కిందే బతికి బయటపడ్డాయి. సగం సిమెంటు, సగం రేకులతో కట్టిన కొత్త ఇళ్ళ పైకప్పులు లేచిపోయి, ఆ రేకులే కత్తుల్లా గాలిలో తిరిగాయి. సిమెంటు చెడ్డదని నేను అనడం లేదు. సరైన ఉక్కుతో, సరైన పునాదితో కట్టిన బడి గది ఎన్నో ఊళ్ళకు ఆశ్రయం అయింది. చాలీచాలని డబ్బుతో సగం నేర్చుకున్న కొత్త పద్ధతిలో కట్టిన ఇల్లే అన్నిటికన్నా ప్రమాదకరం.

ఒక దిగులు కూడా చెప్పాలి. ఓడలో వచ్చే బియ్యం, డబ్బా చేపలు ఇప్పుడు చాలా ఇళ్ళలో రోజువారీ తిండి అయ్యాయి. సీమపనసను గుంతలో పాతిపెట్టడం తెలిసినవారు ముసలివాళ్ళలోనే ఎక్కువ. తుఫాను తరవాత సాయంగా బియ్యం బస్తాలు పంచడం తప్పు కాదు, ఆకలికి అదే కావాలి. ఆ బస్తాలతోపాటు నాటుకోవడానికి పెండలం ముక్కలు, చామ పిలకలు కూడా పంపాలని అక్కడి వ్యవసాయ ఉద్యోగులు కోరడంలో ఎంతో అర్థం ఉంది.

ప్రశ్న: పక్షులను, చెట్లను చూసి తుఫాను చెప్పగలరని చదివాను. ఉపగ్రహాలున్న కాలంలో వీటిని నమ్మవచ్చా? (ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: ముందు ఆ గుర్తులు ఏమిటో చెబుతాను. మామిడి, సీమపనస చెట్లు మామూలుకు మించి విరగకాసిన ఏడాది తుఫానులు గట్టిగా ఉంటాయంటారు. నడిసముద్రంలో తిరగవలసిన పెద్ద పక్షులు ఊరి మీదికి వచ్చి చక్కర్లు కొడితే తుఫాను దగ్గరలో ఉన్నదని అర్థం. తాబేళ్ళు ఎప్పటికన్నా ఒడ్డుకు దూరంగా లోపలికి వచ్చి గుడ్లు పెడితే ఆ ఏడు అలలు ఎత్తుగా వస్తాయని చెబుతారు. వనువాటు వాతావరణ, భూవిపత్తుల శాఖ వీటిని మూఢనమ్మకాలని కొట్టివేయలేదు. గ్రామాల్లో పెద్దలను అడిగి నమోదు చేయించి, తన సూచనలతో పోల్చి చూసే పని పెట్టుకుంది. ఇవి ఉపగ్రహానికి బదులు కావు. పెద్దపక్షి తుఫాను వస్తోందని చెప్పగలదే గాని అది ఏ దీవి మీదుగా పోతుందో చెప్పలేదు. కాని గుర్తు కనబడగానే ఊళ్ళో ఒక కదలిక మొదలవుతుంది. కప్పు మీద బరువులు పెట్టడం, కట్లు బిగించడం, నీళ్ళు నింపుకోవడం అధికారిక హెచ్చరిక కంటే ముందే జరుగుతాయి.

అధికారిక హెచ్చరిక చేరే తీరు కూడా గమనించదగ్గది. దేశపటాన్ని గళ్ళుగా విభజించి, అడ్డంగా అక్షరాలు, నిలువుగా అంకెలు వేసి పంచిపెట్టారు. తుఫాను కన్ను ఏ గడిలో ఉందో రేడియోలో చెబుతారు. ఊరి కమిటీలో ఒకరు పెన్సిలుతో ఆ గడిలో చుక్క పెడతారు. కొన్ని గంటల తరవాత మరో చుక్క. మూడు చుక్కలు కలిపితే అది తమవైపు వస్తోందో లేదో పదేళ్ళ పిల్లవాడికి కూడా తెలుస్తుంది. నీలం, పసుపు, ఎరుపు అని మూడు స్థాయిల హెచ్చరికలు సెల్‌ఫోన్ సందేశాలుగా కూడా వస్తాయి. పామ్ తుఫాను తరవాత మహిళలతో ఏర్పడిన 'ఉమెన్ ఐ టోక్‌టోక్ టుగెటా' (బిస్లామాలో 'మహిళలు కలిసి మాట్లాడుకుంటారు' అని) బృందాలు ఈ సమాచారాన్ని ఇల్లిల్లూ తిప్పి చెప్పే బాధ్యత తీసుకున్నాయి. ముసలివారిని, వికలాంగులను, గర్భిణులను ఎవరు ఎక్కడికి చేర్చాలో వారికి ముందే తెలిసి ఉంటుంది.

అయినా మీ ప్రశ్నకు అసలైన జవాబు పెంటెకోస్ట్ దీవి దక్షిణ కొసనున్న బే మార్టెలీ అనే ఊరిలో దొరుకుతుంది. 1998 జులైలో పపువా న్యూ గినీలోని ఐటాపే తీరాన్ని సునామీ ముంచి, రెండు వేలమందికి పైగా చనిపోయారు. దాని మీద తీసిన ఒక వీడియోను మరుసటి ఏడాది బే మార్టెలీ గ్రామస్థులకు చూపించారు. భూమి కంపిస్తే, ఆపైన సముద్రం వెనక్కి తగ్గితే, ఏమీ ఆలోచించకుండా ఎత్తైన చోటికి పరుగెత్తాలన్నది అందులోని మాట. ఆ తరవాత కొద్ది వారాలకే, 1999 నవంబరు 26, 27 తేదీల మధ్య అర్ధరాత్రి దాటాక, సుమారు 7.5 తీవ్రతతో భూమి కంపించింది. ఆ ఊరికి కరెంటు లేదు. సైరన్ లేదు. చీకట్లో ఒకరు సముద్రం వైపు చూసి నీళ్ళు వెనక్కి పోయాయని గమనించారు. కేకలు విని జనం కొండ మీదికి పరుగులు తీశారు. వెంటనే వచ్చిన అలలు ఊరిని నేలమట్టం చేశాయి. మూడువందలమంది ఉన్న ఆ ఊళ్ళో చనిపోయినవారు వేళ్ళమీద లెక్కపెట్టదగినంతమందే, వారిలోనూ ముఖ్యంగా పరుగెత్తలేని వృద్ధులు. తరవాత ఊరిని ఎత్తైన చోటుకు మార్చుకున్నారు.

ఆ రాత్రి వారిని కాపాడింది పాత జ్ఞానమా, కొత్త జ్ఞానమా అని తేల్చడం నాకు అనవసరంగా కనిపిస్తుంది. పొరుగుదేశపు దుఃఖం గురించిన ఒక వీడియో, సముద్రాన్ని రాత్రిపూట కూడా చదవగలిగిన ఒక కన్ను, ఒకరి కేకను మూడువందలమంది నమ్మడం, ఈ మూడూ కలిశాయి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా లెక్క మరోలా ఉండేది.

ప్రశ్న: అగ్నిపర్వతం బద్దలైనప్పుడే ప్రమాదమా, మామూలు రోజుల్లో దాని పక్కన బతకడం సురక్షితమేనా? (ఒక గృహిణి)

జవాబు: మామూలు రోజులంటూ ఉండని అగ్నిపర్వతాలు కూడా ఉన్నాయమ్మా. టన్నా దీవిలోని యాసుర్ ఎత్తు 361 మీటర్లే, కాని అది నిమిషాల తేడాతో ఎగజిమ్ముతూనే ఉంటుంది. 1774లో కెప్టెన్ కుక్ నౌకను ఆకర్షించిన వెలుగు దానిదే. దాని గాలివాలున ఉన్న ఊళ్ళలో గంధకపు వాయువులు వానతో కలిసి ఆమ్లవర్షంగా కురుస్తాయి. ఆకులు మాడిపోతాయి, ఇనుప రేకులు త్వరగా చిల్లులు పడతాయి. ఆ రేకుల మీదనుంచి జారి తొట్టెలో పడిన వాననీటినే తాగాలి. ఆంబ్రిమ్ దీవి పడమటి భాగంలో ఇలా నీటిలో చేరిన ఫ్లోరైడు వల్ల పిల్లల పళ్ళ మీద మచ్చలు ఏర్పడ్డాయని పరిశోధకులు గుర్తించారు. అందుకే అక్కడ బూడిద పడే సమయంలో తొట్టెకు పైకప్పు నుంచి వచ్చే గొట్టాన్ని విడదీసి, కప్పు కడిగాక మళ్ళీ కలపమని చెబుతారు. చిన్న పనే. అది చేయనివారు వారం రోజులపాటు మంచినీటికి నడవవలసి వస్తుంది.

ప్రశ్న: సముద్రమట్టం పెరగడం వల్ల మొత్తం ఊరినే మార్చిన మొదటి దేశం వనువాటు అని విన్నాను. నిజమేనా? (ఒక విశ్రాంత ఇంజనీరు)

జవాబు: మీరు విన్నది టోర్రెస్ దీవుల్లోని టెగువా దీవిలో ఉన్న లటేవు అనే చిన్న గ్రామం గురించి. వంద మంది కూడా లేని ఆ ఊరు పదేపదే ముంపుకు గురవుతుండడంతో 2005 నాటికి లోపలికి కొన్ని వందల మీటర్ల దూరం జరిగింది. వాతావరణ మార్పు కారణంగా తరలివెళ్ళిన తొలి సముదాయాల్లో ఒకటిగా అప్పట్లో అంతర్జాతీయంగా ప్రచారం పొందింది.

ఇంజనీరు గనుక మీకు తరవాతి కథ ఆసక్తిగా ఉంటుంది. ఉపగ్రహ ఆధారిత కొలతలతో అక్కడి నేల ఎత్తును పరిశీలించిన శాస్త్రవేత్తలు 2011లో ఒక ఫలితం ప్రకటించారు. 1997 నుంచి 2009 మధ్య సముద్రం పెరిగిన మాట నిజమే, కాని అదే కాలంలో ఆ దీవి దాదాపు 12 సెంటీమీటర్లు కిందికి కుంగింది. భూఫలకాల కదలికే దానికి కారణం. పైనుంచి నీరు లేస్తోంది, కిందనుంచి నేల దిగుతోంది. ఒడ్డున ఉన్నవారికి కనిపించే ముంపు ఈ రెండింటి మొత్తం. ఇలాంటి చోట వాతావరణ మార్పు మాత్రమే కారణమనడం ఎంత తప్పో, అసలు కారణమే కాదనడం కూడా అంతే తప్పు. పైగా ఒక పెద్ద భూకంపం వచ్చిన రోజున ఇలాంటి నేల ఒక్కసారిగా పైకి లేచినా లేవవచ్చు. ఇలాంటి తీరంలో గోడ కట్టాలన్నా, రేవు కట్టాలన్నా నేల ఎటు కదులుతోందో ముందు కొలవక తప్పదు.

ప్రశ్న: ఇన్ని విపత్తులకు అలవాటుపడిన ప్రజలు ఎలాగైనా నిలదొక్కుకుంటారు కదా, వారికి బయటి సాయం అంత అవసరమా? (ఒక పాఠకుడు)

జవాబు: మీ ప్రశ్న వెనుక వారి పట్ల గౌరవమే ఉందని అర్థమవుతోంది. అయినా ఈ మాటతో నేను ఏకీభవించలేను. ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య దొరికిన వ్యవధిలోనే ఎవరైనా నిలదొక్కుకుంటారు. ఆ వ్యవధి తగ్గిపోతున్నది. 2015 మార్చిలో పామ్ వచ్చింది, దాని వెనకే ఎల్ నినో కరువు వచ్చింది. గాలికి మిగిలిన పెండలం ముక్కలను నాటితే వాన లేదు. 2020 ఏప్రిల్ 6న హెరాల్డ్ తుఫాను శాంటో, పెంటెకోస్ట్ దీవులను తాకే నాటికి కోవిడ్ కారణంగా దేశపు సరిహద్దులు మూసివేసి ఉన్నాయి. దేశంలో అప్పటికి ఒక్క కేసూ లేదు. విదేశీ సహాయ సిబ్బందిని రానిస్తే రోగం రావచ్చు. అందుకని విమానంలో వచ్చిన సామాన్లను కూడా వెంటనే ముట్టుకోకుండా పక్కన ఉంచి, తమ పని తామే చేసుకున్నారు. 2023 మార్చి 1న జూడీ తుఫాను, 3న కెవిన్ తుఫాను, ఈ రెండింటి మధ్య శాంటో దగ్గర 6.5 తీవ్రత భూకంపం. అదే ఏడు అక్టోబరులో, తుఫానుల కాలం మొదలుకాకముందే లోలా. ఆపైన ఏడాదికి పోర్ట్ విలా భూకంపం.

ఆ చివరిది మరో కొత్త సంగతి చూపించింది. 7.3 తీవ్రతతో మధ్యాహ్నం వచ్చిన ఆ కంపనంలో పద్నాలుగుమంది చనిపోయారు. కూలినవి పట్టణంలోని కాంక్రీటు భవనాలు. తుఫానును తట్టుకునే పెండలం తోట, వంగిన కప్పు, కొండ మీది రెండో తోట అన్నీ పల్లెవి. పట్టణంలో అద్దె గదిలో ఉండే కుటుంబానికి నేల లేదు, తోట లేదు, జీతం ఆగితే తిండి లేదు. పాత నేర్పు పట్టణానికి తనంతట తాను బదిలీ కాదు. అక్కడ కావలసింది భవన నిర్మాణ నియమాలు, తనిఖీలు, వాటికి డబ్బు. పామ్ తరవాత ప్రాంతీయ బీమా పథకం నుంచి ఆ దేశానికి త్వరగానే అందిన మొత్తం 19 లక్షల డాలర్లు. నష్టం 45 కోట్లు. ఆ తేడాను 'అలవాటు' పూడ్చలేదు.

వారు దీనిని దయాదాక్షిణ్యాల సమస్యగా కాక హక్కుల సమస్యగా ప్రపంచం ముందు పెట్టారు. 2019లో పోర్ట్ విలాలోని దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయపు ప్రాంగణంలో న్యాయశాస్త్రం చదువుతున్న 27మంది విద్యార్థులు, వాతావరణ మార్పు విషయంలో దేశాల బాధ్యత ఏమిటో అంతర్జాతీయ న్యాయస్థానాన్ని అడగాలని ప్రతిపాదించారు. వనువాటు ప్రభుత్వం దాన్ని భుజాన వేసుకుంది. 2023 మార్చి 29న ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ ఏకాభిప్రాయంతో తీర్మానించింది. 2025 జులై 23న ది హేగ్‌లోని న్యాయస్థానం, వాతావరణ వ్యవస్థను కాపాడడం దేశాలకు చట్టబద్ధమైన బాధ్యతేనని, దాన్ని ఉల్లంఘిస్తే పరిహారం దాకా పరిణామాలు ఉండవచ్చునని సలహాపూర్వక అభిప్రాయం ఇచ్చింది. ఒక తరగతి గదిలో మొదలైన మాట ఆరేళ్ళలో అంత దూరం వెళ్ళింది. సాయం అవసరమా అని అడిగిన మీకు, ఆ విద్యార్థుల ప్రశ్నే నా జవాబు.

ప్రశ్న: అంత ప్రమాదకరమైన దీవిని శాశ్వతంగా ఖాళీ చేసి, అందరినీ సురక్షితమైన చోట స్థిరపరచవచ్చు కదా? ఎందుకు మళ్ళీ వెనక్కి వెళ్తారు? (ఒక ప్రభుత్వోద్యోగి)

జవాబు: పాలనలో ఉన్నవారికి ఈ ఆలోచన రావడం సహజం. అక్కడి ప్రభుత్వానికీ వచ్చింది. అంబే దీవిలోని మనారో అగ్నిపర్వతం 2017 సెప్టెంబరులో తీవ్రరూపం దాల్చినప్పుడు ఆ దీవి మొత్తాన్ని, సుమారు 11 వేలమందిని, కొద్దిరోజుల్లో పడవలమీద ఖాళీ చేయించారు. శాంటో, మేవో, పెంటెకోస్ట్ దీవులకు వారిని చేర్చారు. నెల రోజుల తరవాత తిరిగివచ్చారు. 2018లో బూడిద మరింత దట్టంగా కురిసింది. తోటలు పూడిపోయాయి, బూడిద బరువుకు కప్పులు కూలాయి, తాగునీరు చెడిపోయింది. జులైలో మళ్ళీ తరలింపు ఆదేశం వచ్చింది. ఈసారి మేవో దీవిలో వారికి రెండో ఇల్లు ఏర్పరచాలని ప్రభుత్వం ఆలోచించింది. చాలామంది ఒప్పుకోలేదు.

ఎందుకో తెలియాలంటే భూమి గురించి తెలియాలి. 1980 జులై 30న స్వాతంత్ర్యంతోపాటు అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలోని 73వ అధికరణం, వనువాటులోని భూమి అంతా ఆచారరీత్యా దానికి యజమానులైన ఆదివాసులకు, వారి వారసులకు చెందుతుందని చెబుతుంది. దాని అర్థం ప్రభుత్వం చేతిలో పంచిపెట్టడానికి ఖాళీ భూమి లేదు. మేవోలో ప్రతి గుట్టకూ, ప్రతి వాగుకూ ఒక కుటుంబం ఉంది. అతిథిని ఆదరించి, వండుకోవడానికి దుంపలిచ్చి, తాత్కాలికంగా తోట వేసుకోమనవచ్చు. ఆ భూమిలో చెట్టు నాటమని, చనిపోయినవారిని అక్కడ పాతిపెట్టమని ఇవ్వలేరు. అతిథిగా ఎన్నాళ్ళయినా ఉండవచ్చు గాని, అతిథికి పెళ్ళిలో ఇవ్వడానికి తన పందులు ఉండవు, మొగలి ఆకులతో చాపలు నేసుకోవడానికి తన మొగలిపొద ఉండదు. అంబేలో ఆ చాపలు, ఆ పందులు ఒకరికొకరి మధ్య గౌరవాన్ని, రుణాన్ని కొలిచే సంపద. తరలింపు శిబిరంలో బియ్యం దొరుకుతుంది, ఆ లెక్క తప్పిపోతుంది.

అలాగని ఎవరూ కదలరని అనుకోవద్దు. అవసరమైనప్పుడు చాలా తేలిగ్గా కదులుతారు. దీవుల మధ్య పెళ్ళిళ్ళు, మారక సంబంధాలు తరతరాలుగా ఉన్నాయి. 2017లో అంబే నుంచి పడవ దిగిన ఎన్నో కుటుంబాలకు ఎదురైనవారు ఉద్యోగులే కాదు, మేనమామలు, వియ్యంకులు. పోర్ట్ విలాలోనే సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పేట పేరు సీసైడ్ టోంగోవా. టోంగోవా దీవి నుంచి వచ్చినవారి పేట అది. పక్క దీవిలో ఒక బంధువు ఉండడం అక్కడ భూమిలోని పెండలం లాంటిదే, గాలికి అందని నిల్వ. కదలడం వారికి ఓటమి కాదు, తిరిగి వెళ్ళగలగడమే దానికి షరతు. ప్రణాళికలు వేసే అధికారులు ఈ షరతును మొండితనంగా చూసినంతకాలం ఏ పునరావాసమూ నిలవదని నా అభిప్రాయం.

ఇది ఈనాటిది కూడా కాదు. ఎపి, టోంగోవా దీవుల మధ్య సముద్రం అడుగున కువే అనే పెద్ద అగ్నిబిలం ఉంది. 15వ శతాబ్దం మధ్యలో అది బద్దలైంది. ఒకప్పుడు అక్కడంతా ఒకే నేలగా ఉండేదని, అవమానం పాలైన ఒక యువకుడు పగతో దాన్ని పేల్చివేశాడని, బతికినవారు దక్షిణాన ఎఫాటే దీవికి చేరుకున్నారని టోంగోవా ప్రజలు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. బూడిద చల్లారి, మొక్క మొలిచాక, ఎఫాటే నుంచి పెద్దలు ఒక్కొక్కరే తమ జనంతో పడవలెక్కి టోంగోవాకు తిరిగివచ్చి, ఎవరి భాగంలో వారు మళ్ళీ తోటలు వేసుకున్నారని ఆ కథలోని తరవాతి భాగం. ఫ్రెంచి పురావస్తు శాస్త్రజ్ఞుడు జోసే గరాంజె 1960లలో అక్కడికి వెళ్ళినప్పుడు, ఆ తిరిగివచ్చిన పెద్దల్లో ఒకరైన టి టోంగోవా లిసెయిరికి సమాధి ఎక్కడ ఉందో ఊరివారు చూపించారు. తవ్వితే సమాధి దొరికింది, దాని కాలం 15వ శతాబ్దమని తేలింది. ఆ దీవిలో ఇప్పటికీ పెద్దరికపు బిరుదులు ఎఫాటే నుంచి ఎవరు ఏ పడవలో వచ్చారన్న లెక్క ప్రకారమే ఇస్తారు.